మూరెడు దారం

పెట్టె మూత లేపగానే మొదట కలరా ఉండల వాసన కొట్టింది. అది కాస్త విడిచాక ఎండిన వేపాకు. చీరలు ఒక్కొక్కటే బయటికి తీసేకొద్దీ, ఆ రెండింటి అడుగు నుంచి బురద వాసన. 2009 అక్టోబరు 2న కర్నూలు పాతబస్తీలో ఉన్నవాళ్లకు ఆ వాసన గురించి చెప్పాల్సిన పని లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కటై ఇళ్లల్లోకి వచ్చిన నీళ్లవి. బట్టను ఎన్నిసార్లు ఉతకనీ, ఎన్ని ఎండలు తగలనీ, మూత పెట్టి ఏడాది ఉంచితే చాలు, ఆ వాసన మళ్లీ పుట్టుకొస్తుంది.

అవ్వ సంవత్సరీకం అయిన మర్నాడది. వచ్చిన బంధువులు సగం మంది పొద్దున్నే బస్సెక్కారు. మిగిలిన ఆడవాళ్లం నట్టింట్లో కడప బండల మీద చాప పరుచుకుని, అటక మీది ట్రంకుపెట్టె దించుకున్నాం. వరదప్పుడు నీళ్లు అటక అంచు దాకా వచ్చాయి. పెట్టె మునగలేదు గానీ అడుగున జానెడు తడిసింది. అందుకే పైనున్న చీరలు ఒక తీరు, అడుగున ఉన్నవి ఒక తీరు.

పదకొండు నూలు చీరలు. వాటిలో సగం ఎనిమిది గజాలవి. తాత ఎనిమిది మూరల పంచెలు రెండు. అంగీలకు తెచ్చి కుట్టించకుండానే మిగిలిపోయిన ఎమ్మిగనూరు చారల గుడ్డ మూడు గజాలు. అత్తలు చిన్నప్పుడు తొడిగిన పావడలు, అందులో ఒకటి ధర్మవరం పట్టు. ఒక పాత దుప్పటి. చివర్న, ఒక గుడ్డసంచిలో రకరకాల పేలికలు. రైకలు కుట్టగా మిగిలిన చిన్న ముక్కలు కూడా అవ్వ పారెయ్యలేదు.

తలా రెండు చీరలు పంచుకుందామని పిన్నమ్మ అంది. పెద్దత్త ఒప్పుకోలేదు. "పంచుకుంటే ఏమైతాది మే? బీరువాలో పెడతాం, మళ్ల ఎవురూ తియ్యం. అతుకుల బొంత కుడదాం. ఆరుమూలల ముక్కలతో." పెద్దత్త ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని నేర్పింది. ఆవిడ 'ఆరుమూలల పని' అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. దానికి ఎంత కాలం పడుతుందో కూడా తెలుసు.

* * *

మా వైపు బొంతల కాలం ఉగాది దాటాక. శనక్కాయ, జొన్న పనులు ఎప్పుడో అయిపోయి, మిరపకాయలు ఎండి గోతాలకెక్కి, చేతులు ఖాళీ అయ్యే రోజులు. మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా తిరగదు. మట్టిమిద్దె ఇంట్లో ఆ వేళకు చల్లగా ఉండే చోటు నట్టిల్లొక్కటే. బండలు తడిగుడ్డతో తుడిచి, ఆరాక, వాటి మీద బొంత పరిచేవాళ్లు. చాప మీద పరచరాదు. చాప మీద గుడ్డ జారదు, చేత్తో సవరిస్తే ముడత అక్కడే నిలబడిపోతుంది. నున్నటి బండ మీదైతే అరచేత్తో రాస్తే ముడత అంచు దాకా పోతుంది.

అడుగున గట్టి చీర. మధ్యలో మూడో నాలుగో బాగా మెత్తబడినవి, అవి ఎంత చిరుగులైనా పర్వాలేదు. పైన కంటికి ఇంపైనది. నాలుగు మూలలా బరువులు పెట్టేవాళ్లు. ఒక మూల రుబ్బురోలు పొత్రం, ఒక మూల ఇనప పడి, ఇంకో మూల ఇత్తడి చెంబు నిండా నీళ్లు, నాలుగో మూల మాలో ఒకర్ని కూర్చోబెట్టేవాళ్లు. కదిలితే తొడపాశం.

కుట్టు మొదలుపెట్టే ముందు కచ్చా టాకాలు పడాలి. అవి బొంత నడుమ నుంచి అంచుల వైపుకు, చేయి పట్టే అంత పొడుగు కుట్లు, జానెడు ఎడంలో. ఇందులో తొందరపడితే బొంత జన్మంతా వంకరే. అంచుల నుంచి మొదలుపెడితే పొరల్లో ఉన్న వదులంతా మధ్యలోకి వచ్చి చేరి, చివరికి అక్కడ బుడ్డలాగా లేస్తుంది. విప్పి మళ్లీ కుట్టడం తప్ప దానికి మందు లేదు. నడుమ నుంచి మొదలుపెడితే వదులు అంచుకు పోతుంది, అక్కడ కత్తెరేసి పడేయొచ్చు.

టాకాలు పడ్డాక ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. కుట్టు వడ్లగింజంత, ఎడం కూడా అంతే. సూది మరీ సన్నదైతే అయిదారు పొరల్లో వంగిపోతుంది, దబ్బనమైతే గుడ్డలో కన్నం మిగుల్తుంది. రెండింటికీ నడిమి సూదులు అవ్వ ఒక తగరపు డబ్బాలో పసుపుకొమ్ముల మధ్య దాచేది, తుప్పు పట్టకుండా. నాలుగు సార్లు గుచ్చి, ఒక్కసారి లాగితే దారం పొరల్లోంచి సర్రుమని వచ్చేది. ఆరుగురు కుడుతుంటే ఆ సర్రు, గాజుల చప్పుడు, మధ్య మధ్య వక్కాకు నమిలే చప్పుడు. మాటలు ఉండేవి గానీ గట్టిగా ఉండవు. మగవాళ్లు పక్క గదిలో నిద్రపోతుంటారు.

బయట నుంచి వచ్చే చప్పుళ్లు రెండే. ఒకటి, దూదేకులాయన విల్లు. ఆదోని పత్తి దూదిని పరుపుల కోసం ఏకుతుంటే ఆ నారి 'టంయ్ టంయ్' మంటూ మూడు వీధులకు వినిపించేది. రెండోది, "పాత చీరలకు స్టీలు సామాన్లే!" అని గంప నెత్తిన పెట్టుకొచ్చే ఆమె కేక. ఆ కేక వినపడితే అవ్వ కుట్టు ఆపి లేచేది. చీరల బేరానికి కాదు, మా పిన్నమ్మలు తనకు తెలీకుండా ఏ చీర ఇచ్చేస్తారో అని.

* * *

పాత చీరను చదవడం అవ్వకు వచ్చినట్టు ఎవరికీ రాదు. ఆరుమూలల పనికి ముక్కలు కోసేటప్పుడు పెద్దత్త ప్రతి చీరా అవ్వ చూసినట్టే చూసింది.

చీర అన్ని చోట్లా ఒక్కసారే పాతబడదు. ముందు పోయేది కింది అంచు, పాదాలకు రాసుకుని. తర్వాత కూర్చునే చోటు. అక్కడ రంగు ఉంటుంది, గుడ్డ ఉండదు. మోకాళ్ల దగ్గర కూడా అంతే, బియ్యం ఏరినా రోలు ముందు కూర్చున్నా బరువు పడేది అక్కడే. కొంగు చివర చేతులు తుడిచి తుడిచి నూనె పట్టి గట్టిగా అనిపిస్తుంది. అది బలం కాదు, ఉతికితే పోతుంది. గట్టిగా మిగిలేది నడుముకు దోపుకునే లోపలి చెరుగు, కుచ్చిళ్ల లోపలి మడతలు. ఎండ తగలదు, రాపిడి ఉండదు. ముప్పై ఏళ్ల చీరలో కూడా ఆ గజంన్నర కొన్నప్పటి రంగులో ఉంటుంది. ఇంటి పనికి కట్టిన ఒక మాధవరం చీర పైనంతా వెలిసి బూడిద రంగుకు వచ్చింది. లోపలి చెరుగు విప్పి చూస్తే వంకాయ రంగు. ఆ చీర అసలు రంగు అదని మా తరం వాళ్లెవరికీ తెలీదు.

చూసే తీరు ఇది. చీరను గడప దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టాలి. పోగులు సమానంగా కనిపిస్తే సరే. జల్లెడలా కనిపిస్తే ఆ మేర సున్నపుముక్కతో గీత. తర్వాత రెండు బొటనవేళ్లు రెండంగుళాల ఎడంలో పెట్టి, ముందు నిలువు పోగు వైపు, తర్వాత అడ్డ పోగు వైపు లాగాలి. గుడ్డ 'చిర్' అంటే అది మధ్య పొరకే. ఏమీ అనకుండా చేతికి తిరిగి వస్తే పైకి పనికొస్తుంది. నిలువు గట్టిగా ఉండి అడ్డం చిరిగే గుడ్డలు చాలా ఉంటాయి. ఒక వైపే చూసి కోస్తే, ఏడాదిలోపు బొంత మీద ఆ ముక్కలు మాత్రమే నెర్రెలు విడుస్తాయి.

పట్టు సంగతి వేరు. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంచిన పట్టు ఆ మడత గీత వెంబడే విరుగుతుంది. పైకి తెలీదు, సూది పడ్డాక తెలుస్తుంది. అందుకే అవ్వ ఏటా సంక్రాంతికి పట్టుచీరలన్నీ తీసి, నీడలో గాలికి ఆరేసి, ఇంకో తీరుగా మడిచి పెట్టేది. చివరి ఏళ్లల్లో ఆమెకు చేతకాలేదు, మేమెవరం చెయ్యలేదు. ధర్మవరం పావడ నాలుగు చోట్ల విరిగింది. నూలుతో కలిపి పట్టు కుట్టకూడదని పెద్దత్త మాట. ఉతుకులో నూలు ఒక తీరుగా, పట్టు ఒక తీరుగా ముడుచుకుంటాయి, జరీ పక్క ముక్కను గీకుతుంది. పావడలో బాగున్న మేర వేరుగా తీసిపెట్టాం.

అడుగున తడిసిన చీరల్లో రెండు రకాల మరకలున్నాయి. బురద మరక గుడ్డను చెరపదు. అది రంగు మాత్రమే, టీ రంగులో ఉంటుంది, దాన్ని అట్లాగే ఉంచాం. పెట్టె రేకు తుప్పు మరక అట్లా కాదు. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే మరక తేలికవుతుంది గానీ, తుప్పు తిన్న నూలు అప్పటికే పెళుసై ఉంటుంది. అలాంటి చోట్ల నిర్దాక్షిణ్యంగా కత్తెర పెట్టాలి. పిన్నమ్మ ఒక ఎర్రంచు చీరను ఎలాగైనా దక్కించుకోవాలని తుప్పు మచ్చల పక్క నుంచే ముక్కలు కోసింది. ఇస్త్రీ చేస్తుంటేనే రెండు చేతిలో చీలాయి.

* * *

బొంతకూ ఆరుమూలల పనికీ ఒక పెద్ద తేడా ఉంది. బొంతలో కన్ను కొలుస్తుంది, చేయి సర్దుతుంది. ఆరుమూలల పనిలో ప్రతి గుడ్డ ముక్కనూ ఆరుమూలల కాగితం మీద మడిచి కుడతారు, అక్కడ కాగితం కొలుస్తుంది. ఆ కాగితం తప్పైతే చేయి ఎంత సర్దినా లాభం లేదు.

స్కూలు రోజుల నుంచీ పెద్దత్త దగ్గర ఒక ఇత్తడి రేకు అచ్చు ఉంది. ఒక్కో అంచు సరిగ్గా అంగుళంన్నర. ఎదురెదురు మూలల మధ్య మూడు అంగుళాలు, ఎదురెదురు అంచుల మధ్య 2.6 అంగుళాలు. వృత్తలేఖినితో అంగుళంన్నర తీసుకుని గుండ్రం గీసి, అదే కొలతతో ఆ గుండ్రం మీద ఆరుసార్లు నడిస్తే ఆరు మూలలూ వచ్చేస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆవిడ ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించేది. లెక్కల టీచరు చెబితే అర్థం కాని పిల్లలకు కుట్టు క్లాసులో అర్థమయ్యేదట.

దుప్పటి అయిదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు అనుకున్నాం. వరుసకు 23 ముక్కలు, అట్లా 40 వరుసలు. మొత్తం 920. అంగుళం అంచు ముక్కలతో చేస్తే రెండు వేలు దాటుతాయి, అందంగా ఉంటుంది, కానీ మెత్తబడిన పాత నూలుకు అన్ని మడతలు భారం. రెండంగుళాలైతే అయిదు వందల చిల్లరతో అయిపోతుంది. అయితే చీర మీది చిన్న పూలు, చారలు ఆ పెద్ద ముక్కలో పలచగా కనిపిస్తాయి. అంగుళంన్నర నడిమి దారి.

కాగితాలకు ఇంట్లో శుభలేఖలే దిక్కు. ఏ ఇంట్లో అయినా గుట్టలుగా ఉంటాయి, ఎవరూ పారెయ్యరు. మందం పోస్టుకార్డంత ఉంటే చాలు. పలచటి కాగితమైతే మడతలో వంగుతుంది. ఈ మధ్య వచ్చే అట్టపెట్టెల్లాంటి శుభలేఖలు మరీ మందం, అంచు దగ్గర సూది వాలదు. గీసేటప్పుడు పెన్సిలు ముక్కు సన్నగా ఉండాలి, కత్తెర గీత లోపలి వైపు పోవాలి. ఒక్కో కాగితం ఒక మిల్లీమీటరు పెద్దదైతే 23 ముక్కల వరుసకు దాదాపు అంగుళం తేడా వస్తుంది. పక్క వరుస సరైన కొలతతో ఉంటే ఆ రెండూ ఇక కలవవు. నలుగురం నాలుగు కత్తెరలతో కోశాం. పెద్దత్త వాటిని ఇరవై ఇరవై పేర్చి, పేకముక్కల్లా తట్టి, అంచు మీద వేలు రాసి చూసింది. బయటికి పొడుచుకొచ్చినవన్నీ తీసి పక్కన పడేసింది. మూడో వంతు పోయాయి.

ఇంకో జాగ్రత్త మాకు ఆలస్యంగా తెలిసింది. శుభలేఖ మూలలకు పసుపు రాస్తారు కదా. తాత పంచె తెల్ల ముక్క ఒకదానికి ఆ మూల ఉన్న కాగితం పెట్టి, తడి చల్లి ఇస్త్రీ చేస్తే పసుపు దిగింది. సబ్బు పెడితే అది కాస్తా ఎర్రబడింది. పిన్నమ్మ గుండె ఆగినంత పనైంది. పసుపు సబ్బుకు ఎర్రబడుతుంది, నీళ్లతో జాడిస్తే మళ్లీ పసుపుకొస్తుంది. మూడు రోజులు మిద్దె మీద ఎండలో పడేస్తే పూర్తిగా విరిగిపోయింది. ఆ తర్వాత పసుపు మూలలన్నీ ముందే కోసేశాం.

గుడ్డకు ముందు పలచటి గంజి. మెత్తబడిన నూలు గంజి లేకుండా మడత నిలవదు. గంజి బట్టకు పురుగు పడుతుంది కాబట్టి పని అయ్యాక ఎలాగూ ఉతకాలి. ఒక్కో ముక్కకు మూడుంబావు అంగుళాల వెడల్పు, మూడుంముప్పావు పొడవు గుడ్డ సరిపోతుంది. చుట్టూ పావంగుళం మడతకు పోతుంది. గజం గుడ్డలో లెక్క ప్రకారం 132 ముక్కలు రావాలి. జల్లెడ పడ్డ చోట్లు, మచ్చలు తీసేస్తే వంద వస్తే గొప్ప.

ముక్కను ఎటు తిప్పి కోసినా ఆరు అంచుల్లో రెండుకు మించి పోగు వెంబడి పడవు, మిగతావి ఐమూలగా వస్తాయి. ఐమూల గుడ్డ లాగితే సాగుతుంది. సాగకుండా పట్టేది లోపలి కాగితమే. అందుకే కాగితాన్ని తొందరపడి తీయకూడదు. చుట్టూ ఆరు ముక్కలూ అతికిన తర్వాతే నడిమి ముక్క కాగితం బయటికి రావాలి.

కాగితాన్ని గుడ్డ వెనక పెట్టి, ఒక్కో అంచూ మడిచి, మూల దగ్గర మడతల్ని మాత్రం రెండు చిన్న కుట్లతో పట్టి, తర్వాతి మూలకు పోవాలి. సూది కాగితంలోకి దిగకూడదు. దిగితే కాగితం తీసేటప్పుడు చిరుగుతుంది, మళ్లీ వాడుకోవడానికి రాదు. మేము కాగితం నడుమ చిన్న కన్నం పెట్టాం, పక్కపిన్ను వంచి అందులో దూర్చి లాగితే టప్పున వచ్చేస్తుంది.

* * *

అతకడంలోనే ఉంది పనంతా. రెండు ముక్కల మొహాలు లోపలికి పెట్టి, మూలకు మూల కలిపి, అంచు మీదుగా సూది చుట్టుకుంటూ పోవాలి. రెండు వైపులా రెండు మూడు పోగులు మాత్రమే సూదికెక్కాలి. ఎక్కువ పట్టితే విప్పి పరిచాక మొహం వైపు పళ్లవరుసలాగా దారం కనిపిస్తుంది. తక్కువ పట్టితే నాలుగు ఉతుకులకే విడుస్తుంది. అంగుళానికి పదిహేను కుట్లు. ఒక అంచుకు ఇరవై రెండు ఇరవై మూడు. 920 ముక్కలకు ఇలాంటి అంచులు 2,600 పైచిలుకు. మొదటి రోజు ఈ లెక్క చెప్పొద్దని పెద్దత్త అంది. పిన్నమ్మ కూతురు ఫోనులో వేసి చెప్పేసింది.

సూది పది నంబరుది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా అనుకుంటారు. దారం నూలుదే వాడాలి. నైలాను, పాలిస్టరు దారాలు గట్టివే. కానీ దారం గుడ్డకంటే గట్టిదైతే లాగుడు పడ్డ రోజు తెగేది దారం కాదు, గుడ్డ. దారం విడిస్తే మళ్లీ కుట్టుకోవచ్చు. దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగితే పురి విడవదు, చిక్కు పడదు. రెండు రంగులు కలిసే చోట ముదురు రంగు దారం తీసుకోవాలి.

పొడవు మాత్రం అవ్వ లెక్కే. రీలు చివర చిటికెనవేలి దగ్గర పట్టుకుని మోచేతి దాకా లాగి పళ్లతో పుటుక్కున తెంపేది. మూరెడు. ఎక్కువ తీసుకుంటే వీపు మీద ఒకటి పడేది. "బద్దకస్తురాలి దారం బారెడు" అనేది. బారెడు దారం గుడ్డలో యాభై సార్లు దూరి దూరి చివరికొచ్చేసరికి నలిగి సగమవుతుంది. చివరి కుట్లన్నీ ఆ నలిగిన దారంతోనే పడతాయి, ముందు విడిచేవి అవే. మూరెడైతే నలిగే లోపు అయిపోతుంది.

ఒక పువ్వుకు ఏడు ముక్కలు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. ముందు ఆరు రెక్కల్నీ నడిమి ముక్కకు కుట్టి, తర్వాత రెక్కకూ రెక్కకూ మధ్య కుట్టాలి. మొత్తం పన్నెండు అంచులు. మూడు ముక్కలు కలిసే చోట కన్నం పడటం అందరికీ వచ్చే తప్పు. మూల చివరి దాకా పోకుండా ఒక కుట్టు ముందే ఆపేస్తాం, అక్కడ సూదిమొనంత వెలుతురు మిగుల్తుంది. ప్రతి మూల దగ్గరా వెనక్కి మూడు కుట్లు వేసి గానీ దారం తెంపకూడదు. పువ్వు బల్ల మీద పరిస్తే గిన్నెలాగా లేస్తే రెండే కారణాలు. నడిమి కాగితం చిన్నదైనా అయ్యుండాలి, రెక్కల్లో గుడ్డ కాగితానికి అంటకుండా వదులుగా మడిచైనా ఉండాలి. ఇస్త్రీతో అణగదొక్కితే అప్పటికి అణుగుతుంది. నలభై వరుసలు కలిపాక బొంత మొత్తం అలలు పోతుంది.

ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే పెద్దత్తకు ఉత్సాహం వస్తుంది. కాగితం మీద మడిచి కుట్టే ఈ తీరు ఇంగ్లండుది. 1718 అని తేదీ ఉన్న పట్టు దుప్పటి ఒకటి అక్కడ ఇంకా భద్రంగా ఉంది. ఆరుమూలల నమూనా అమెరికాలో 1835లో గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రికలో అచ్చయింది. 1930ల నాటికి అక్కడ ఈ పూల వరసకు 'గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్' అని పేరు స్థిరపడింది, అంటే అవ్వ పూలతోట. ఇంకో మాట కూడా చెబుతుంది. మన మచిలీపట్నం వైపు అద్దకపు నూలు గుడ్డలంటే అక్కడి ఆడవాళ్లకు ఎంత మోజంటే, తమ నేతగాళ్ల గోల తట్టుకోలేక 1721లో వాళ్ల పార్లమెంటు అద్దకపు నూలు గుడ్డల వాడకాన్నే నిషేధించింది. 1774లో గానీ ఆ నిషేధం ఎత్తలేదు. ఇంత ముక్క దొరికినా పారెయ్యకుండా అతుకుల దుప్పట్లలోకి చేర్చుకున్నారట. "మన గుడ్డ ఆడికి పోయింది, ఆళ్ల కుట్టు ఈడికొచ్చింది" అని పెద్దత్త ఇది చెప్పిన ప్రతిసారీ ముఖం వెలిగిపోతుంది.

* * *

పువ్వుల నడిమి ముక్కలన్నీ ఎమ్మిగనూరు చారల గుడ్డవే. అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం అది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో పెట్టిన చేనేత సహకార సంఘం గుడ్డ లేని ఇల్లు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో లేదు. తాత అంగీలు, అత్తల స్కూలు లంగాలు, మంచం మీది దుప్పట్లు అన్నీ అక్కడివే. ఆ చారల గుడ్డ మీద బాగా చూస్తే ఒక చోట రెండు పోగులు కలిసి చిన్న ముడి ఉంది. నేసేటప్పుడు తెగిన పడుగు పోగును నేతగాడు ముడేసి ముందుకు పోయిన చోటు. పెద్దత్త ఆ ముడి సరిగ్గా ముక్క నడుమకు వచ్చేట్టు అచ్చు పెట్టి గీసింది.

అడుగుకు తాత పంచె. ఎనిమిది మూరలంటే 144 అంగుళాలు, వెడల్పు యాభై. సగానికి కోసి పక్కపక్కన కుడితే 72 కి 100 అవుతుంది. నాలుగు వైపులా అయిదారు అంగుళాలు మిగులు. ఆ మిగులు ఉండి తీరాలి, పొరలు కలిపి కుట్టేటప్పుడు అడుగు గుడ్డ ఎంతో కొంత లోపలికి లాక్కుంటుంది. మధ్య పొరకు దూది వద్దన్నాం. మన ఎండలకు దూది బొంత ఎవరు కప్పుకుంటారు? బొటనవేళ్ల పరీక్షలో తప్పిన చీరలు రెండు మధ్యలో పరిచాం. అంటే పైన ఆరుమూలల పని, లోపల అవ్వ బొంత.

ఆ బొంతలు ఉతకడమే ఒక పండగ. ఎండాకాలం ముగిసే ముందు, కేసీ కాలువలో నీళ్లున్న రోజు చూసుకుని, నలుగురైదుగురు ఆడవాళ్లు బొంతలు నెత్తిన పెట్టుకుని పోయేవాళ్లు. తడిసిన బొంత ఒక్కరు లేపలేరు. ఇద్దరు చెరో చివరా పట్టుకుని, ఒకరు కుడికి ఒకరు ఎడమకు మెలిపెట్టి పిండాలి. కుట్టు గట్టిదో కాదో తేలేది అక్కడే. మెలిపెట్టినప్పుడు 'పుట్ పుట్' మని వినిపిస్తే ఎవరి వరుసో వెంటనే తెలిసిపోయేది. ఆ రాత్రికి మిద్దె మీద చవుడు ఇంకా వేడిగా ఉంటుంది, దాని మీద ఆరిన బొంత. ముఖం కింద ఒక అత్త పావడ ముక్క, కాళ్ల కింద ఎవరిదో రైక. ఇది ఎవరిది, అది ఎవరిది అని అడుగుతూ అడుగుతూనే నిద్రపోయేవాళ్లం.

ఇప్పుడు మిద్దె స్లాబయింది, కాలువలో బొంత ముంచే పరిస్థితి లేదు. 920 అతికేసరికి రెండు వేసవులు, ఒక వానాకాలం పట్టింది. అంచు వరుసల్లో కాగితాలు ఇంకా లోపలే ఉన్నాయి. చుట్టూ పట్టీ కుట్టే దాకా వాటిని తీస్తే ఐమూల అంచు సాగి వంకర పోతుంది. మిగతావన్నీ పక్కపిన్నుతో లాగేశాం. చేటెడు కాగితాలయ్యాయి. పిన్నమ్మ మనవలు వాటిని నట్టింట్లో బండల మీద పోసుకుని కూర్చున్నారు. ఒక దాని మీద 'చి||ల||సౌ||' అని ఉంది, ఇంకో దాని మీద 'తాంబూలాది సత్కా', ఇంకో దాని మీద సగం వినాయకుడు. అంచుకు అంచు కలుపుతూ ఎవరి పెళ్లో చూస్తున్నారు. ఒకటి కలిసింది. పెద్దత్త కళ్లజోడు తీసి, ముందుకు వంగి చదివింది. "ఇది నా పెండ్లిదే గదా. ఎవురు కోసినారు మే దీన్ని?" అంది.